రెండు పోయిన మనిషి

అంకవరం కోటకు అయిదు ద్వారాలు. అందులో నాలుగింటిని మొగలి తన గడ్డి తాతను గాడిద మీద కూర్చోబెట్టుకుని దాటేసింది.

గడ్డి తాత అంటే గడ్డితో చేసిన తాతే. ఒంటినిండా వరిగడ్డి. తలకు తాత తలపాగా, భుజాల మీద తాత కంబళి, ముక్కు దాకా చుట్టిన తాత పైపంచె. గాడిద నడకకు తల అటూ ఇటూ ఊగుతుంటే నిజంగా ఏదో ఆలోచిస్తున్నట్టే ఉండేది. ఆరు రోజుల ప్రయాణంలో మొగలి అతనితో మాట్లాడుతూనే వచ్చింది. "తాతా, ఇక్కడి నీళ్ళు తియ్యగా ఉన్నాయి" అనేది. "తాతా, ఆ కొండ ఎత్తు ఎంతుంటుందంటావు?" అనేది. జవాబు రాదని తెలుసు. అయినా అడిగాక కాసేపు ఆగేది. అసలు తాత కూడా జవాబు చెప్పే ముందు కాసేపు ఆగేవాడు.

అసలు తాత వారం కిందట గవ్వలంక ఇసుకలో, పలక ఒళ్ళో పెట్టుకునే, లెక్క చివరి మెట్టులో ఉండగా కన్నుమూశాడు. మిగిలిన మెట్టు మొగలి కట్టింది. కట్టాక ఆమెకు అన్నం సహించలేదు.

నాగమడుగు అనే మహా సరస్సుకు పన్నెండు తూములు. దాని నుంచి రాజుగారు కొత్తగా తవ్వించిన కాలువ లంకల మీదుగా పోయి సముద్రంలో కలుస్తుంది. ఈరోజు మిట్టమధ్యాహ్నం, మూడో కొమ్ము ఊదగానే పన్నెండు తూములూ ఒక్కసారి ఎత్తేస్తారు. మొగలి లెక్క ప్రకారం ఆ నీళ్ళు కాలువలో పట్టవు. గట్లు తెంచుకుని పదకొండు లంకల్ని ఊడ్చుకుపోతాయి. అందులో మొదటిది గవ్వలంక. అక్కడ మొగలికి మిగిలింది ఒక్క మేనత్త, మంచం దిగలేని మనిషి.

"నీళ్ళొస్తే నన్ను మాత్రం లేపకే. మంచి కలలో ఉంటే పాడవుతుంది" అని నవ్వింది అత్త, మొగలి బయలుదేరుతుంటే. ఆ నవ్వును తలుచుకున్నప్పుడల్లా మొగలి గాడిదను అదిలించింది.

నిన్న దారిలో తూముల నాయకుణ్ణి కలిసింది. ఆయన చెడ్డవాడేం కాదు. ఆమె పలకను వెలుగుకు పెట్టి చూసి, "లెక్క ముచ్చటగా ఉందమ్మాయ్. ముద్రేది మరి?" అన్నాడు.

అక్కడే వచ్చింది చిక్కంతా. మణిశిల రాజ్యంలో మందిచ్చే వైద్యుడికి ముద్ర అక్కర్లేదు. ఇల్లు కట్టే వడ్రంగికి అక్కర్లేదు. లెక్క కట్టేవాడికి మాత్రం కావాలి. వెనకటికి ఎవరో గణకుడు ఒంటరిగా కూర్చుని కట్టిన లెక్కతో కోటగోడ లేపితే, అది సొంత సైన్యం మీదే కూలిందట. అప్పటినుంచి ఒక్క తల కట్టిన లెక్క ఆ దేశంలో చెల్లదు. ముద్ర కావాలంటే ఇద్దరు రావాలి. వీపుకు వీపు ఆనించి కూర్చోవాలి. ఒకే లెక్కను, ఒకరిది ఒకరు చూడకుండా, పచ్చి మట్టి పలకల మీద కట్టాలి. జవాబులు కలిస్తే రెండు పలకల్నీ పక్కపక్కన చేర్చి ఆ అతుకు మీద ముద్ర వేస్తారు. సగం ముద్ర ఈ పలక మీద, సగం ఆ పలక మీద. ఆ సగాలు రెండూ కలిపి చూపిస్తేనే అది లెక్క. ముద్ర పడిన లెక్కను కొట్టేయాలంటే ముద్ర పడిన ఇంకో లెక్క కావాలి.

ఒంటరివాళ్ళు ఏం చేయాలో మాత్రం ఆ శాసనంలో ఎక్కడా రాయలేదు. అందుకే మొగలి గడ్డి కోసింది.

నాలుగో ద్వారం దగ్గర కావలివాడు ఈటె అడ్డం పెట్టాడు. "ముసలాయన ఉలకడు పలకడు. ఏంటి సంగతి?"

"లెక్కలో ఉన్నాడండీ. కదిలిస్తే మళ్ళీ మొదటికొస్తుంది" అంది మొగలి, గాడిద చెవిని చూస్తూ. ఆమెకు మనుషుల ముఖంలోకి చూసి మాట్లాడటం చేతకాదు.

"మా మామా అంతేలే. లెక్క ఒక్కటే తక్కువ." కావలివాడు వేలితో గాలిలో ఎంచాడు. "తలలు రెండు. పోనివ్వండ్రా!"

ద్వారం దాటితే అసలు అంకవరం. తేనెరంగు రాతి మేడలు ఒకదాని వెనక ఒకటి, పెద్దమ్మ వెనక చిన్నమ్మ నిలబడ్డట్టు తగ్గుకుంటూ పోతున్నాయి. ప్రతి గడప ముందూ చుక్కల ముగ్గు. చుక్కలు వరసకు ఒకటి చొప్పున తగ్గి కొసన ఒంటి చుక్కతో ఆగుతున్నాయి. గోపురాల మీద పావురాలు తొమ్మిదేసి గుంపులుగా లేచి, తొమ్మిదేసిగానే వాలుతున్నాయి. పదోది ఎక్కడైనా మిగిలిందేమోనని మొగలి చాలాసేపు వెతికింది. మిగిలింది. తూరుపు గోపురం కొస మీద రెక్కలు ముడుచుకుని కూర్చుని ఉంది.

అయిదో ద్వారం లెక్కలకు ముద్ర వేసే గణక పీఠానిది. కావలివాళ్ళు లేరు. తెల్లటి గడ్డం మనిషి ఒకడు పగిలిన పలకల పెంకుల్ని చీపురుతో పోగుచేస్తున్నాడు. మొగలిని చూసి చీపురు ఆపాడు.

"ఒక్కదానివే వచ్చావేం తల్లీ?"

మొగలి గాడిద పగ్గం బిగించి పట్టుకుంది. "తాత... తాత కూడా ఉన్నాడుగా పెద్దయ్యా."

"ఉంటే నా కళ్ళకు మసక కమ్మాలి. కమ్మలేదు. అంటే మనిషివి నువ్వొక్కతివే. ఆ పైనున్నదేంటో నాకు తెలీదు కానీ, దానికి ఆకలి వెయ్యదు." ముసలివాడు దగ్గరకొచ్చి గడ్డి తాత మోకాలు నొక్కాడు. గరగరమంది. "వరిగడ్డా? గాడిద తిననందుకు దాన్ని మెచ్చుకోవాలి."

అతని పేరు తిప్పన. ఆ పీఠంలో ఓడినవాళ్ళ దగ్గర ఒక అంకెను తీసేసుకుంటారు. తీసేసుకుంటే ఆ మనిషికి ఇక ఆ అంకె లోకంలోనే ఉండదు. ముప్ఫై ఏళ్ళ కిందట తిప్పన, చిన్ననాటి నేస్తంతో కలిసి ముద్ర కోసం వచ్చాడు. లెక్క మధ్యలో నేస్తం భయపడి పారిపోయాడు. తిప్పన వెనక వీపు లేకుండా, ఒక్క పలకతో మిగిలాడు. అతని దగ్గర తీసుకున్నది రెండు.

"ఒకటి తరవాత నాకు మూడే" అన్నాడు తిప్పన, వాతావరణం గురించి చెబుతున్నంత మామూలుగా. "పావురం పక్కన పావురం వాలితే మసకే. మూడోది వచ్చాకే తేటపడుతుంది. నాకు జతగా కూర్చున్న మనిషైనా అంతే. మా ఇంటిది ఎదురుగా కూర్చుని అన్నం పెట్టేది. నాకేమో నేనొక్కణ్ణే తింటున్నట్టుండేది. ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది పాపం? పుట్టింటికి పోయింది. నాలుగు ద్వారాలవాళ్ళను బురిడీ కొట్టించొచ్చు, నన్ను కొట్టించలేరు. అందుకే ఇక్కడ పెట్టారు."

మొగలి సంచీలోంచి తన పలకలు రెండు తీసి అతని ముందు పెట్టింది. ఒకదాని మీద అక్షరాలు పొందికగా ఉన్నాయి. రెండోదాని మీద వంకరటింకరగా ఉన్నాయి. లెక్క ఒకటే.

తిప్పన పొందికైన పలకను చూసి పక్కన పెట్టాడు. తరవాత వంకరది తీసుకున్నాడు. "ఇదెవరు కట్టారు?"

"అదీ నేనే. ఎడం చేత్తో. కొస నుంచి మొదటికి."

"పిచ్చిదానా! చెయ్యి మారిస్తే తల మారుతుందా? ఈ చేతిలో తప్పుంటే ఆ చేతిలోనూ ఉంటుంది."

"తెలుసు" అంది మొగలి. "ఇంకెవరున్నారు పెద్దయ్యా సరిచూడటానికి?"

ముసలివాడు ఆ వంకర అక్షరాల మీద వేలు పెట్టి నెమ్మదిగా జరిపాడు. ఎడం చేతి రాత కింద చిన్న అక్షరాలతో, తాతలా ముగింపులో 'సరిచూడబడినది' అని కూడా రాసుకుంది. అది చూసి అతను పలకను జాగ్రత్తగా కింద పెట్టాడు.

"గడ్డికి వీపు ఆనిస్తే ముద్ర పడదు. ఓడతావు. నీ దగ్గర పీఠాధిపతి ఒకటి అంకెను తీసుకుంటాడు. ఒకటి పోయిందనుకో, నిన్ను నువ్వు కూడా ఎంచుకోలేవు."

"మరి మీరు రండి."

"నేనా? ఓడితే నాకు ఇంకోటి పోతుంది. ఉన్నవే తక్కువ."

కొండల అవతల నాగమడుగు గట్టు మీద మొదటి కొమ్ము మోగింది. ఆ మోత రాళ్ళలోంచి నడిచివచ్చి కాళ్ళకు తగిలింది. మొగలి గాడిద పగ్గం పట్టుకుని లోపలికి అడుగు వేసింది. వెనక చీపురు నేలమీద పడ్డ చప్పుడు వినిపించింది.

"ఆగు పిల్లా! గుడ్డలన్నా దులుపుకోనివ్వు."

గాడిదను గడ్డి తాతతో సహా ద్వారం బయటే నిలిపి ఇద్దరూ లోపలికి వెళ్ళారు. పీఠం లోపల వెయ్యి స్తంభాల చావడి. స్తంభాల నడుమ గాజు జాడీలు వరసలుగా వేలాడుతున్నాయి. ఒక్కో జాడీలో ఎవరో పోగొట్టుకున్న అంకె తేనెటీగలా గుయ్యిమంటూ తిరుగుతోంది. ఏడు ఒకచోట గాజుకు తల కొట్టుకుంటోంది. అయిదు అలిసిపోయి అడుగున పడుకుంది. చావడి నడుమ, ఇనుప గొలుసుకు వేలాడుతూ ఏనుగు పాదమంత ముద్ర. దాని కింద సింహాసనం మీద పీఠాధిపతి శూన్యాక్షుడు. ఒక కన్ను అందరికీ ఉన్నట్టే ఉంది. రెండో కంటిలో పాప లేదు, తెల్లటి గవ్వలా మెరుస్తోంది. ఆ కన్ను దేనిమీద పడితే అది లేకుండా పోతుందని లంకల్లో పిల్లల్ని బెదిరించేవారు. ఒకసారి చూశాక, మళ్ళీ నూరు లెక్కపెట్టేదాకా ఆ కన్ను మూసుకునే ఉంటుందట.

మొగలి వచ్చిన పని చెప్పింది. కాలువ లెక్కను ఎదిరిస్తున్నానంది. అది శూన్యాక్షుడి ఇద్దరు శిష్యులు కట్టిన లెక్క. పీఠం వేసిన ముద్ర ఒక్కసారి ఓడితే జాడీలన్నీ పగిలి ఎవరి అంకెలు వాళ్ళకు తిరిగిపోతాయని శాసనం. శూన్యాక్షుడు ఆ మాట మరిచిపోయేవాడు కాదు. అతని పెదవి వంకర తిరిగింది.

"ముందు ఆచారం." మంచి కన్ను మొగలిని దాటి తిప్పన మీద వాలింది. "ఎంతమంది వచ్చారు? జవాబు నువ్వు చెప్పు, ఊడ్చేవాడా."

చావడిలో అంకెల రొద కూడా ఆగిపోయింది. ఆ ప్రశ్నకు జవాబు చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. తిప్పన మాత్రం చెప్పలేడు. మొగలి నోరు తెరవబోతే సింహాసనం పక్కనున్న భటుడి బల్లెం మొన ఆమె గొంతుకు ఆనింది. తిప్పన కళ్ళు నులుముకున్నాడు. పక్కన పిల్ల ఉన్న చోట అతనికి మసకే. ఆ మసకలోకి చెయ్యి చాచాడు. మొగలి చెయ్యి తగిలింది.

"స్వామీ," అన్నాడు తిప్పన, "ఒంటరిగా ఎవరమూ రాలేదు."

పైన గొలుసు గలగలమంది. ముద్రకు ఆ జవాబు సరిపోయింది. శూన్యాక్షుడు పళ్ళు నూరాడు. "కూర్చోండి."

కూర్చున్నారు. మొగలి వీపుకు తిప్పన వీపు ఆనింది. ఆరు రోజులుగా చలి వేసినప్పుడు ఆమె గడ్డి తాతకు ఆనుకుని కూర్చునేది. ఆ వీపు గుచ్చుకునేది. ఈ వీపు ఊపిరి తీస్తోంది. ఆ ఊపిరి లయలో ఆమె మట్టి మీద గీత తిన్నగా గీసింది.

లెక్క కష్టమైనదేం కాదు. కాలువ మూతి వెడల్పు ముప్ఫై బారలు. అడుగు వెడల్పు పది బారలే. గంపలాగా కిందికి పోనుపోను సన్నం. శూన్యాక్షుడి శిష్యులు గంప మూతి కొలిచి అడుగూ అంతే అనుకున్నారు. ఇద్దరూ ఒకే గురువు దగ్గర ఒకే తప్పు నేర్చుకున్నారు కనుక వాళ్ళ పలకలు చక్కగా కలిశాయి. మొగలి మూతినీ అడుగునూ కలిపి నలభై వేసింది. దాన్ని సగం చేయబోయి ఉలిక్కిపడింది.

సగం! రెండుతో భాగించాలి. రెండు లేనివాడు సగం ఎలా చేస్తాడు?

ఇరవై వచ్చింది. ముప్ఫై బారలకు పన్నెండు తూములైతే ఇరవైకి ఎనిమిది. తన పలక మీద ఎనిమిది వేసింది. వెనక మాత్రం గీసిన చప్పుడు లేదు. గోటితో మట్టిని కోస్తున్న చప్పుడు, తడిమట్టిని చరుస్తున్న చప్పుడు. ఈయన లెక్క కడుతున్నాడా, బొమ్మలు చేస్తున్నాడా? తిరిగి చూస్తే ఓడినట్టే. మొగలి కళ్ళు మూసుకుని అతని ఊపిరినే వింటూ కూర్చుంది.

"తిప్పండి!" అని అరిచాడు శూన్యాక్షుడు.

రెండు పలకలూ తిరిగాయి. మొగలి పలక మీద ఎనిమిది. తిప్పన పలక మీద ఒక కాలువ ఉంది, నిలువునా కోసి చూపినట్టు. ఈ గట్టు కింద వాలుగా ఉన్న ముక్కను కోసి, తలకిందులు చేసి, ఆ గట్టుకు అతికించాడు. గంప కాస్తా నిట్టనిలువు గోడల పెట్టె అయింది. వెడల్పు పది, పక్కన ఇంకో పది. దాని కింద ఎనిమిది.

"సగాలూ అవీ నాకు తెలీవు స్వామీ" అన్నాడు తిప్పన వినయంగా. "ఉన్న ముక్కను అవసరమైన చోట పెట్టాను."

మొగలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తన లెక్క తప్పు కాదని ఇంకో తల చెప్పడం ఎలా ఉంటుందో తాత పోయాక ఆమె మరిచేపోయింది.

ముద్రకు మొహమాటం లేదు. గొలుసు జర్రున జారింది. రెండు పలకల అతుకు మీద ధన్‌మని పడి లేచింది. సగం పద్మం ఇటు, సగం పద్మం అటు. ఆ సగాలను తూముల నాయకుడి ముందు కలిపి చూపిస్తే పాత ముద్ర ఓడినట్టే.

"పట్టుకోండి వాళ్ళను!"

ఎవరి పలక వాళ్ళు అందుకున్నారు. తిప్పన మొగలిని లాగాడు. పరుగు! జాడీల వరసల కిందుగా, స్తంభాలను చుట్టుకుంటూ, పెంకుల గుట్ట మీద జారుతూ, ద్వారం బయటికి. బల్లేలు వెనక రాళ్ళకు తగిలి నిప్పులు రాల్చాయి. మొగలి ఒక్క గెంతులో గాడిద ఎక్కింది. గడ్డి తాత వెనక కూర్చుని ఊగుతున్నాడు. మెట్ల మీద శూన్యాక్షుడు నిలబడి గవ్వ కన్ను తెరిచాడు. అతనికి గాడిద మీద రెండు తలలు కనిపించాయి. పెద్దది తిప్పనదై ఉంటుందనుకున్నాడు. దాన్నే చూశాడు.

చప్పుడేం కాలేదు. మొగలి వీపు వెనక చల్లగాలి తగిలింది. తిరిగి చూస్తే తాత లేడు. తలపాగా లేదు, కంబళి లేదు, నడుముకు కట్టిన తాడు ముడి ఊరికే వేలాడుతోంది. ఒక్క గడ్డిపోచ ఆమె జడలో చిక్కుకుని మిగిలింది. "తాతా" అంది మొగలి. అలవాటుగా కాసేపు ఆగింది.

"నడు పిల్లా! నూరు లెక్కపెడుతున్నాడు!"

కోట వెనక దిడ్డివాకిలి దాటగానే కొత్త కాలువ. ఎండిన కాలువ, ముప్ఫై బారల వెడల్పు, అడుగున గునపాల్లాంటి రాళ్ళు. దానిమీద ఏడు దూలాల వంతెన. గాడిద టకటకమంటూ అవతలికి చేరింది. తిప్పన ముసలి కాళ్ళతో వెనకబడ్డాడు. అతను మొదటి దూలం మీద కాలు పెట్టబోతుండగా కోటగోడ మీద తెల్లటి మెరుపు మెరిసింది.

వంతెన లేదు.

తిప్పన కాలు గాలిలో ఆగింది. వెనక్కి పడి, పలకను గుండెకు అదుముకుని లేచాడు. అవతలి గట్టున అతను. ఇవతలి గట్టున మొగలి. ఆమె చేతిలో సగం పద్మం, అతని చేతిలో సగం. విసిరితే పచ్చి మట్టి చితికిపోతుంది. కాలువ గట్లు రెండూ కలిసేది కోసు దూరంలో, నాగమడుగు కట్ట మీదే. ఒక్కరు ముందు చేరి లాభం లేదు. ఇద్దరూ చేరాలి.

నాగమడుగు వైపు నుంచి రెండో కొమ్ము మోగింది. మూడోది మోగితే తూములు లేస్తాయి.

మొగలి గాడిద దిగింది. దాన్ని ఎక్కి పోతే తను ముందు చేరుతుంది, ముసలివాడు వెనక ఒంటరిగా మిగులుతాడు. ముప్ఫై ఏళ్ళ కిందట ఎవరో అలాగే వదిలి పోయారు. గాడిద పగ్గం వదిలేసి, గట్టు వెంబడి అతనికి సమంగా పరుగు మొదలుపెట్టింది. వేగంగా పరుగెత్తినప్పుడల్లా అతని కళ్ళు నేల మీద తడబడటం ఆమె చూసింది. ఎదురుగట్టున ఆమె ఉన్న చోట అతనికి మసక. ఆమె ఉందో, వదిలి పోయిందో అతనికి ఎలా తెలుస్తుంది?

పుట్టి బుద్ధెరిగాక మొగలి ఎప్పుడూ గట్టిగా అరవలేదు. గవ్వలంకలో ఆమె గొంతు పక్కింటివాళ్ళకే తెలియదు. ఇప్పుడు పలకను ఛాతీకి హత్తుకుని, కాలువ ఇవతలి నుంచి గొంతు చించుకుని అరిచింది.

"ఒకటీ!"

అవతలి గట్టున పరుగు ఒక్క క్షణం తడబడింది. వెనక గుర్రాల డెక్కల చప్పుడు మొదలైంది. ఎండ నడినెత్తికి పాకుతోంది. అప్పుడు ముప్ఫై బారల ఖాళీ మీదుగా, రొప్పుతూ, ముసలి గొంతు వచ్చింది.

"ఇంకొకటీ!"